ఆదివారం దాకా ఆగిన ప్యాడ్లు: ఆరుగురున్న ఇంట్లో గుడ్డ ప్యాడ్ల ఉతుకు, ఒక కేస్ స్టడీ

జూన్ రెండో వారంలో ఆవిడ ఫోన్ చేసింది. "గుడ్డ ప్యాడ్లు మాకు పడలేదు మేడం. వాసన వస్తున్నాయి, చిన్నదానికి ఒరుసుకుపోయి దద్దుర్లొచ్చాయి. మూడున్నర వేలు పోసి కొన్నాం కదా, పారేసే ముందు ఒకసారి మీరు చూస్తారా?"

నేను పదకొండేళ్ళు స్త్రీల వార్డులో స్టాఫ్ నర్సుగా చేశాను. తర్వాత ఆరేళ్ళుగా స్కూళ్ళలో, కాలనీల్లో నెలసరి గురించి మాట్లాడటమే పని. ఇలాంటి ఫోన్లు నాకు కొత్తేం కాదు. చాలావరకు ఫోన్‌లోనే తేలిపోతాయి: చల్లనీళ్ళలో జాడించండి, ఎండలో ఆరేయండి, అంతే. ఈ ఇంట్లో ఆ రెండూ అందరికీ తెలుసు. అయినా ప్యాడ్లు కంపు కొడుతున్నాయి. అందుకే వెళ్ళాను. ఇంటివాళ్ళు ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. వాళ్ళను గుర్తుపట్టే వివరాలు మాత్రం మార్చాను.

ఇల్లు

హైదరాబాద్‌లో నిజాంపేట వైపు మూడో అంతస్తు ఫ్లాట్. ఆవిడకు 42, ప్రైవేటు స్కూల్లో టీచర్. ఆయన ఇంటినుంచే కంపెనీ పని చేస్తాడు. ఇంటర్ రెండో సంవత్సరం పెద్దమ్మాయి, ఎనిమిదో తరగతి చిన్నమ్మాయి, తొమ్మిదేళ్ళ బాబు. అత్తమ్మకు 68, సొంతూరు వరంగల్ పక్కన. పొద్దున ఏడింటికి పనావిడ వచ్చి గిన్నెలు తోమి, ఊడ్చి, పెద్దావిడ చీరలు చేత్తో ఉతికి వెళ్తుంది. మిగతా బట్టలన్నీ ముందు తలుపున్న ఏడు కేజీల మెషిన్‌లోకే. మెషిన్ ఆయన డిపార్ట్‌మెంటు. రోజూ రాత్రి తొమ్మిదిన్నరకు వేసి, పదకొండు లోపు బాల్కనీలో ఆరేసి పడుకుంటాడు. యూనిఫారాలకు ఒక రోజు, దుప్పట్లకు ఒక రోజు, తువ్వాళ్ళకు ఒక రోజు. ఆ టైంటేబుల్ ఫ్రిజ్ మీద అంటించి ఉంది. నేను చూసిన ఇళ్ళలో ఇంత పద్ధతిగా బట్టలు ఉతికేవాళ్ళు తక్కువ.

ఆ టైంటేబుల్‌లో ప్యాడ్లకు మాత్రం చోటు లేదు.

మొత్తం పద్నాలుగు ప్యాడ్లు. స్కూల్లో పర్యావరణం క్లబ్బువాళ్ళు చెప్పింది విని చిన్నమ్మాయి పట్టుబడితే మార్చిలో ఆన్‌లైన్‌లో తెప్పించారు. పైన నూలుగుడ్డ, లోపల నాలుగైదు పొరలు కలిపి కుట్టేసినవి, అడుగున నీళ్ళు దిగని పలచటి ప్లాస్టిక్ పూత ఉన్న గుడ్డ, పక్కన రెక్కలు, వాటికి ప్రెస్ బటన్లు.

ప్యాడ్ ప్రయాణం

ఏ ఇంటికెళ్ళినా నేను మొదట ఒక్కటే అడుగుతాను. ఒంటి మీంచి తీసిన దగ్గర్నుంచి మళ్ళీ అలమరలోకి వచ్చేదాకా ఈ ప్యాడ్ ఎక్కడెక్కడ ఆగుతుంది? చెప్పొద్దు, నడిచి చూపించండి అంటాను. నోటితో చెప్పమంటే అందరూ పుస్తకంలో ఉన్నదే చెప్తారు.

పెద్దమ్మాయి నడిచి చూపించింది. బాత్రూంలో తీయడం, న్యూస్‌పేపర్లో చుట్టడం, నల్ల కవర్లో వేసి ఫ్లష్ ట్యాంకు వెనక సందులో దూర్చడం. తర్వాత?

"ఆదివారం నాన్న, తమ్ముడు బయటికెళ్ళినప్పుడు మమ్మీ తీసి ఉతుకుతుంది."

శుక్రవారం పొద్దున తీసిన ప్యాడ్ ఆదివారం మధ్యాహ్నం దాకా అక్కడే. యాభై గంటలు పైమాటే. గాలాడని కవర్లో, హైదరాబాద్ ఎండల్లో, తడి రక్తం. ఇక అది చల్లనీళ్ళలో జాడిస్తే మాత్రం పోతుందా? ఉతకడం వాళ్ళకు బాగానే వచ్చు. పాడయ్యేదంతా ఉతకకముందే పాడైపోతోంది. మా పని అంతా ఈ యాభై గంటల చుట్టూనే తిరిగింది.

ఆరేయడం కూడా ఇదే తంతు. బాత్రూంలో రాడ్డు మీద ప్యాడ్లు, వాటి మీద పెద్ద తువ్వాలు కప్పి. పైకి తువ్వాలు ఆరినట్టే ఉంటుంది. నేను తువ్వాలు ఎత్తి ఒక ప్యాడ్ మధ్యలో బొటనవేలితో గట్టిగా నొక్కితే చల్లగా తగిలింది. ఉతికి మూడో రోజట.

చెంచాడు నీళ్ళు

దద్దుర్ల సంగతి వేరు. ఆవిడ అలమరలోంచి "బాగా శుభ్రంగా ఉంది" అంటూ ఒక ప్యాడ్ ఇచ్చింది. నిజంగానే మరక లేదు, ఏదో పూల వాసన కూడా వస్తోంది. వంటింట్లోంచి చెంచాతో నీళ్ళు తెచ్చి దాని మీద వొంపాను. చేమాకు మీద బొట్టులా నీళ్ళు గుండ్రంగా నిలబడ్డాయి. ప్యాడ్ కొంచెం వంచితే జారి టేబుల్ మీద పడ్డాయి. పీల్చుకోవడానికే కుట్టిన గుడ్డ అది!

"ఇదా లీకయ్యేది!" అంది పెద్దమ్మాయి.

రెండు కారణాలు దొరికాయి. మే నెలలో ఒకసారి కవర్ బయటపడితే ఆయన ఏమీ మాట్లాడకుండా, పాపం మంచి ఉద్దేశంతోనే, వాటిని కూడా మెషిన్‌లో వేసేశాడు. 60 డిగ్రీల వేడిలో, ఫ్యాబ్రిక్ కండిషనర్ దండిగా పోసి. కండిషనర్ మెత్తదనం ఎలా ఇస్తుందంటే పోగులకు జిడ్డులాంటి పూత పట్టించి. చీరకు అది బాగుంటుంది. ప్యాడ్‌కూ, తువ్వాలుకూ ఆ పూతే శత్రువు. ఇక వేడి సంగతి. కోడిగుడ్డు తెల్లసొన వేడికి గట్టిపడినట్టే రక్తంలోని ప్రోటీన్ కూడా గట్టిపడి పోగుల మధ్య ఇరుక్కుంటుంది. రక్తం పూర్తిగా వదిలాక వేడినీళ్ళు పోసినా నష్టం లేదు. ముందే పోస్తే మరక పర్మనెంటు. ఆ రోజు మెషిన్‌లో పడ్డ ఆరింటి మీద గోధుమరంగు మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. మచ్చ ఉన్నంత మాత్రాన ప్యాడ్ మురికిదని కాదు. ఈ మాట నమ్మించడానికి మాత్రం నాకు రెండు విజిట్లు పట్టింది.

రెండో కారణం బోరు నీళ్ళు. వాళ్ళ అపార్ట్‌మెంట్‌లో గీజరు రాడ్డుకు తెల్లగా పెచ్చు కట్టడం చూస్తేనే తెలుస్తుంది ఎంత ఉప్పునీళ్ళో. అలాంటి నీళ్ళలో నురగ సరిగా రాదు, రాలేదని ఇంకో గరిటెడు పౌడర్ వేస్తారు, అది జాడింపులో పోదు. నాలుగు పొరల ప్యాడ్‌లో మరీ పోదు. అనుమానం తీర్చుకుందామని శుభ్రంగా ఉన్న ప్యాడ్లన్నీ మెషిన్‌లో వేసి, పౌడర్ చిటికెడు కూడా వేయకుండా నడిపించాం. పది నిమిషాలకు అద్దం తలుపు వెనక నురగ! బాబు అక్కడే చతికిలబడి "సబ్బు లేకుండా నురగొస్తోంది, మ్యాజిక్" అని అరిచాడు. పౌడర్ లేకుండానే మూడుసార్లు తిప్పితే గానీ ఆ నురగ ఆగలేదు. ఆ తర్వాత చెంచాడు నీళ్ళు పోస్తే సర్రున ఇంకిపోయాయి. చిన్నమ్మాయి దద్దుర్లు తర్వాతి నెల రాలేదు. వచ్చి ఉంటే డాక్టర్ దగ్గరికి పంపేదాన్ని. దురదతో పాటు తెల్లబట్ట రంగు మారినా, వాసనొచ్చినా అది ఉతుకుతో పోయేది కాదు.

నా మొదటి ప్లాన్ బోల్తా

నేను చేసిన తప్పు కూడా రాయాలి. మొదటి విజిట్‌లో మూతున్న బకెట్ ఒకటి కొనిపించాను. తీసిన వెంటనే చల్లనీళ్ళలో వేసి మూత పెట్టండి, రాత్రి మెషిన్‌కు ముందు ఆ నీళ్ళు పారబోసి జాడించండి అన్నాను. ముగ్గురూ బుద్ధిగా తలూపారు.

ఐదో రోజు ఫోన్. పెద్దమ్మాయికి పరీక్ష, ఆవిడకు స్కూల్లో పేరెంట్స్ మీటింగు. నీళ్ళు ఎవరు పారబోయాలో ఎవరికీ తెలియక బకెట్ రెండు రోజులు అలాగే ఉండిపోయింది. బాబు మూత తీసి చూసి ఇల్లెగిరిపోయేలా అరిచాడు. పెద్దావిడ ఆ బాత్రూంలోకే వెళ్ళనంది. ఇద్దరి ప్యాడ్లూ ఒకే నీళ్ళలో నాని, మురిగి, కవర్లో కన్నా అన్యాయంగా తయారయ్యాయి.

నానబెట్టే బకెట్ అనేది రోజూ ఒక మనిషి కచ్చితంగా చూసుకునే ఇంటికే పనికొస్తుంది. ఇంతమంది ఇంట్లో అది అందరిదీ, అంటే ఎవరిదీ కాదు. ఈ సంగతి వార్డులో అన్నేళ్ళు పనిచేసిన నాకు ముందే తట్టాల్సింది.

పరిష్కారం నా దగ్గర్నుంచి రాలేదు. పెద్దావిడ సోఫాలో కూర్చుని అంతా వింటూ, చివరికి విసుక్కుంది. "నానవెట్టుడెందుకు బిడ్డా? తానం చేసేటప్పుడు కాళ్ళ కింద ఏసుకొని తొక్కితె అయిపాయె. మేం గట్లనే జేసినం. ఏడినీళ్ళు మాత్రం తాకనియ్యొద్దు, మరక వట్టుకుంటది."

అంతే కదా! గుడ్డ మనకు నిన్నా మొన్నా వచ్చిందేం కాదు. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో కూడా 15–24 ఏళ్ళ ఆడపిల్లల్లో సగం మంది గుడ్డ వాడతామనే చెప్పారు. తెలివంతా ఇంట్లోనే ఉంది. నేనేమో బయటినుంచి బకెట్ మోసుకొచ్చాను.

పెద్దమ్మాయి చేసి చూపించింది, వాడిన ప్యాడ్‌తో. బాత్రూం నేల మీద ప్యాడ్ బోర్లా వేసి, అంటే ఒంటికి తగిలే వైపు కిందికి పెట్టి, మగ్గుతో చల్లనీళ్ళు పోస్తూ మడమతో తొక్కడం. తిరగేసి మళ్ళీ. మొదటి రెండు మగ్గులకు ఎర్రగా, నాలుగో మగ్గుకు లేత గులాబీగా, ఆరో మగ్గుకు దాదాపు తేటగా వచ్చాయి నీళ్ళు. చేత్తో పట్టుకోవడం అసహ్యం అనుకునే పిల్లలకు కూడా ఇది ఇబ్బంది కాదు. పిండేటప్పుడు మెలిపెట్టకూడదు, అడుగున ఉన్న పూత చిట్లుతుంది. రెండు అరచేతుల మధ్య పెట్టి నొక్కాలి.

స్నానం వేళ కాకుండా మధ్యలో మార్చినప్పుడు? అదే పని కుళాయి కింద, రెండు నిమిషాలు. జాడించి నొక్కిన ప్యాడ్‌ను తలుపు వెనక కొక్కేనికి వేలాడే వల సంచిలో వేయాలి. ప్లాస్టిక్ కవర్ కాదు, గాలాడే వల. ఎవరి సంచి వాళ్ళదే: నీలం, ఆకుపచ్చ, బూడిద రంగు. రాత్రి తొమ్మిదిన్నరకు ఆయన మెషిన్ వేసేముందు ఎవరి సంచి వాళ్ళు జిప్పు మూసి తెచ్చి డ్రమ్ములో పడేస్తారు. ఆయన సంచి తెరవక్కర్లేదు. 40 డిగ్రీలు, మామూలులో సగం పౌడర్, ఎక్స్‌ట్రా రిన్స్, కండిషనర్ సున్నా. యూనిఫారాలు, తువ్వాళ్ళు, ఏ లోడ్ అయినా సరే. ముందే జాడించి ఉంటాయి కాబట్టి వేరే లోడ్ అవసరం లేదు. ఫ్రిజ్ మీది టైంటేబుల్‌లో అడుగున ఆయనే తన చేత్తో రాశాడు: "సంచులు – రోజూ".

పనావిడ సంగతి ఒకటి చెప్పాలి. కవర్ల కాలంలో బాత్రూం కంపు కడిగింది ఆవిడే. లిఫ్టు దగ్గర నాతో "దాచిపెడితే ఎవరికి తెల్వది మేడం, ముక్కుకు తెల్వదా?" అంది. ఇంటావిడ మొదట్లో జాడించే పని పనావిడకే చెబ్దాం, నెలకు రెండొందలు ఎక్కువిద్దాం అంది. నేను వద్దన్నాను. ఈ ఒక్క విషయంలో గట్టిగానే చెప్తాను: మొదటి జాడింపు ఎవరిది వాళ్ళే చేసుకోవాలి.

మడి విషయంలో పెద్దావిడ ఒక్కటే షరతు పెట్టింది. తన చీరలు, దేవుడి గదిలో గుడ్డలు ఆ మెషిన్‌లో పడకూడదు. అవి ఎలాగూ చేత్తోనే ఉతుకుతారు. దాని మీద చర్చ పెట్టలేదు. కొందరు ఇలాంటి చోట మైల, ఆచారం అంటూ క్లాసు పీకుతారు. నేను ప్యాడ్లు ఆరడానికి వెళ్ళాను. ఆ పని అయితే చాలు.

లెక్క తప్పింది

జూలైలో ముసురు పట్టింది. నాలుగు రోజులు సూర్యుడు లేడు. సరిగ్గా అప్పుడే తల్లికీ పెద్దమ్మాయికీ ఒకే రోజు మొదలైంది. మూడో రోజుకు ఇంట్లో ఆరిన ప్యాడ్ ఒక్కటీ లేదు. ఆ టెన్షన్లో పెద్దమ్మాయి సగం తడిదాన్ని ఇస్త్రీ పెట్టెతో ఆరబెట్టబోయింది. అడుగున ఉన్న పూత కరిగి ఇస్త్రీ పెట్టెకు అతుక్కుంది. పద్నాలుగు పదమూడయ్యాయి, మర్నాడు ఆయన తెల్ల చొక్కాకు నల్లటి చార కూడా పడింది.

అప్పుడు కాగితం తీసుకుని కూర్చున్నాం. నేను ఈ పని ముందే చేయాల్సింది.

తల్లికి రోజుకు 5, 5, 3, 3, 2, 2. పెద్దమ్మాయికి 4, 4, 3, 2, 2. ఎండ ఉంటే రాత్రి ఆరేసినవి మర్నాడు సాయంత్రానికి ఆరతాయి, అంటే మొదటి రోజువి మూడో రోజుకు చేతికొస్తాయి. ఇద్దరికీ కలిసొస్తే మొదటి రెండు రోజులకు 10, 8, మొత్తం 18 కావాలి. ముసురులో ఆరడానికి ఇంకో రోజు పడుతుంది. మూడు రోజులవి కలిపితే 13, 11, మొత్తం 24. ఇంట్లో ఉన్నవి 13. ఎన్ని కొనాలో ఎక్కువ వాడకాన్ని బట్టి చూస్తారు గానీ, ఆరడానికి ఎన్ని రోజులు పడుతుందో ఎవరూ చూడరు. అసలు లెక్క అక్కడే ఉంది.

ఇంకో పదకొండు కొనడం ఒక దారి. ఒక్కోటి రెండొందల యాభై. ఆవిడ ముఖం చూసి ఆ మాట వదిలేశాను. దానికి బదులు స్కూల్లో, కాలేజీలో ఉండే గంటల్లో మామూలు ప్యాకెట్ ప్యాడ్లే వాడమన్నాను, రోజుకు రెండు. అప్పుడు ఆ మూడు రోజులకు తల్లికి 3, 3, 1. కూతురికి 2, 2, 1. మొత్తం 12. ఉన్న పదమూడులో సరిపోతుంది. తడి ప్యాడ్‌ను సంచిలో పెట్టుకుని కాలేజీ బస్సులో ఇంటికి మోసుకురావాల్సిన పనీ తప్పింది. చిన్నమ్మాయి మాత్రం "అంటే ఓడిపోయినట్టే కదా ఆంటీ" అంది. ప్యాకెట్ల వాడకం మూడింట ఒక వంతుకు పైగా తగ్గినా ఆ పిల్లకు చాలదు. ప్యాకెట్ వాడిన రోజు కాగితంలో చుట్టి, తడి చెత్తలో కాకుండా విడిగా ఇవ్వడం మాత్రం ఆ పిల్లే ఇంట్లో అలవాటు చేసింది. చుట్టి, తడి చెత్తలో కలపకుండా ఇవ్వమనే 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు కూడా చెప్పాయి.

ఆరేసే చోటు కూడా మార్చాం. బాల్కనీ ఎదురుగా ఇంకో బ్లాకు, అందరూ చూస్తారని భయం. దుప్పట్లు ఆరేసే దండేనికి ఇవతల, నడుమెత్తు స్టాండు పెట్టి, దానికి క్లిప్పులున్న గుండ్రటి హ్యాంగరు తగిలించాం. ఎదుటి వాళ్ళకు దుప్పటే కనిపిస్తుంది. ప్యాడ్‌కు గాలీ, పదకొండు దాకా ఎండా తగులుతాయి. ముసురులో అదే హ్యాంగరు హాల్లో ఫ్యాను కింద. హాల్లోనా అని అందరూ ఆయన వైపు చూశారు. ఆయన ల్యాప్‌టాప్‌లోంచి తల ఎత్తకుండానే "సాక్సులు వేలాడట్లేదా" అన్నాడు.

తల్లి సంగతి

కాగితం మీద ఆ 5, 5 రాస్తున్నప్పుడే నా పెన్ను ఆగింది. జాడించేటప్పుడు గడ్డలు కనిపిస్తున్నాయా అని అడిగాను. "రూపాయి బిళ్ళకన్నా పెద్దవే. ఇదివరకు ప్యాకెట్ ప్యాడ్‌లో తెలిసేది కాదు, చుట్టి పారేసేదాన్ని." ఆయాసం ఉందా? మెట్లెక్కితే ఉందట, వయసనుకుందట. 42కు వయసేమిటి?

మామూలుగా ఒక నెలసరిలో పోయే రక్తం 30–40 మిల్లీలీటర్లు. 80 దాటితే ఎక్కువ కింద లెక్క. ఇంట్లో ఎవరూ కొలవరు గానీ రెండు గంటలకోసారి మార్చాల్సి రావడమో, పెద్ద గడ్డలు పడటమో, ఏ ఒక్కటైనా చాలు, డాక్టర్ దగ్గరికి వెళ్ళడానికి. పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 8.9 ఉంది, ఉండాల్సింది 12. స్కానింగ్‌లో గర్భసంచిలో ఫైబ్రాయిడ్, అంటే క్యాన్సర్ కాని కంతి. మందులు, ఐరన్ మాత్రలు మొదలయ్యాయి. ప్యాడ్ల వాసన కోసం వెళ్ళిన ఇంట్లో అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఆరు మగ్గుల నీళ్ళలో కనిపించింది.

అక్టోబరు విజిట్

నాలుగు నెలల తర్వాత చూస్తే ఫ్లష్ ట్యాంకు వెనక సందు ఖాళీ. ప్యాడ్ తీయడానికీ జాడించడానికీ మధ్య యాభై గంటలు పోయి, మహా అయితే పది నిమిషాలైంది. నెలకు ఒకట్రెండుసార్లు తప్పుతుంది. ముఖ్యంగా పెద్దమ్మాయి రాత్రి చదువుకుంటూ పడుకుండిపోయినప్పుడు. అవి కాస్త వాసనొస్తాయి, ఇంకోసారి ఉతికితే పోతుంది. పాత గోధుమ మచ్చలు పోలేదు. క్లోరిన్ బ్లీచ్ వేద్దామా అని అడిగారు, వద్దన్నాను. మచ్చ పోతుందో లేదో గానీ అడుగు పూతా, సాగే కుట్లూ ముందు పోతాయి.

కొత్తవి కొనాలంటే ఏం చూడాలని అడిగారు. మళ్ళీ వాడే ప్యాడ్లకు 2021లో భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) వాళ్ళు ఐఎస్ 17514 అని విడిగా ప్రమాణం తెచ్చారు, ఆ ముద్ర ఉందేమో చూడమన్నాను. దానికన్నా ముందు పొరలు విడదీసి ఆరేసుకునే రకమేనా అని చూడమన్నాను. కలిపి కుట్టేసిన నాలుగు పొరలు ఫ్యాను కింద రోజున్నర తీసుకుంటే, విప్పిన ఒంటిపొర గుడ్డ మూడు నాలుగు గంటల్లో ఆరుతుంది.

ఈ మాట కూడా పెద్దావిడ నాకన్నా ముందే కనిపెట్టింది. తాతయ్యగారి పాత పంచె ఒకటి చింపి, నాలుగు మడతలు పెట్టే గుడ్డలు ఆరు, వాటిని దూర్చడానికి రెక్కలున్న పట్టీలు రెండు కుట్టిందట. పట్టీకి అడుగున పాత గొడుగు గుడ్డ! ఆ ఆరూ చిన్నమ్మాయివి. ఇంట్లో ఉన్నప్పుడు అవే వాడుతోంది. నేను వెళ్ళేసరికి పెద్దావిడ కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని ఒక పట్టీ అంచు విప్పుతోంది. కుట్టు గట్టిగా పడి తొడకు గీరుకుంటోందని మనవరాలు పొద్దున్నే తెచ్చి ఒళ్ళో పడేసిందట.